ముఖాలంకరణకు ఇంటి వెలుతురు

అద్దం ముందు కూర్చున్న మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపించేలా దీపాలనూ కిటికీ వెలుతురునూ అమర్చుకోవడం ఈ వ్యాసం విషయం. ఇందులో చూసుకోవలసినవి ప్రధానంగా మూడు: వెలుతురు ఎటు నుంచి పడుతోంది, దాని రంగేమిటి, ఎంత పడుతోంది. ప్రాధాన్యం కూడా ఇదే వరసలో ఉంటుంది. దుకాణంలో మాత్రం చాలామంది ఈ వరసను తలకిందులు చేసి వాట్లతో మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు. ఎక్కువ వాట్ల బల్బు తెచ్చి నడినెత్తిన వేలాడదీస్తే కళ్ల కింద నీడలు ఇంకా చిక్కనవుతాయే తప్ప ముఖం స్పష్టపడదు.

వెలుతురు పడే దిక్కు

నెత్తి మీది దీపం కనుబొమ్మల ఎముక నీడను కళ్ల గుంటల్లోకీ, ముక్కు నీడను పై పెదవి మీదికీ, గడ్డం నీడను మెడ మీదికీ దించుతుంది. అద్దంలో చూసుకునేవారికి అవి నీడల్లా కనిపించవు, నల్లని వలయాలనిపిస్తాయి. వాటిని కప్పడానికి కన్సీలర్ మీద కన్సీలర్ పడుతుంది. బయటి ఎండలోకి వచ్చాక నీడ పోతుంది, పూత మిగులుతుంది. కళ్ల కింద తెల్లగా అట్టకట్టిన మేకప్‌లో సగం తప్పు చేతిది కాదు, పైకప్పుది.

తెలుగు ఇళ్లలో ఈ చిక్కుకు అసలు కారణం బీరువా అద్దం. డ్రెస్సింగ్ టేబుల్ ఉన్న ఇళ్లలో కూడా చివరి చూపు బీరువా అద్దంలోనే చూసుకుంటారు. బీరువాను గోడకు ఆనించి పెడతారు. ట్యూబ్‌లైటు ఏడెనిమిది అడుగుల ఎత్తున అదే గోడకో, ఎదురు గోడకో ఉంటుంది. అదే గోడకుంటే వెలుతురు పైనుంచి జారుతుంది. ఎదురు గోడకుంటే వీపు మీద పడుతుంది, ముఖం చీకట్లో ఉంటుంది, పైగా అద్దంలోంచి ట్యూబ్‌లైటే కళ్లలో పొడుస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల కొత్త ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగు పెట్టి, అందులో చిన్న గుండ్రటి దీపాలు బిగిస్తున్నారు. గదికి అవి అందమే కానీ మేకప్‌కు వాటికన్నా పాత ట్యూబ్‌లైటు మేలు. చిన్న దీపం అంచు తెగిన గట్టి నీడ వేస్తుంది, నాలుగడుగుల ట్యూబ్‌లైటు నీడ మెత్తగా ఉంటుంది. దీపం ముఖానికి ఎంత వెడల్పుగా కనిపిస్తే నీడ అంచులు అంత కరుగుతాయి. బల్బుకు పాలగాజు బుడ్డి తొడగడం, కిటికీకి పలచని తెల్ల పరదా కట్టడం ఇందుకే.

అద్దానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, కళ్ల ఎత్తున దీపాలు పెడితే ఒకదాని నీడను రెండోది చెరిపేస్తుంది. కుర్చీలో కూర్చుని వేసుకునేవారికి ఆ ఎత్తు నేల నుంచి సుమారు 110–120 సెంటీమీటర్లు. నిలబడి వేసుకునేవారికి 145–160, మనిషి పొడవును బట్టి. రెండు దీపాల మధ్య 75–90 సెంటీమీటర్ల దూరం ఉంటే చాలు. అంతకంటే దగ్గరైతే దీపాలు కళ్లలో పడతాయి, మరీ దూరమైతే చెవుల వైపు వెలుగుతూ ముక్కు చుట్టూ మసక మిగులుతుంది. ఖరీదైన గోడదీపాలే కానక్కర్లేదు. రెండడుగుల ఎల్‌ఈడీ బ్యాటెన్లు రెండు తెచ్చి అద్దం అంచుల వెంట నిలువుగా బిగిస్తే అదే పని జరుగుతుంది, ఎలక్ట్రీషియన్‌కు గంట పని. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వకపోతే రెండు టేబుల్ లైట్లు అటూ ఇటూ పెట్టుకోవచ్చు. ఒక్కటే దీపం ఉంటే దాన్ని అద్దం వెనక, అంచు పైనుంచి కనిపించేలా, ముఖానికి ఎదురుగా పెట్టాలి. పక్కన పెడితే ఒక చెక్కిలికి బ్లష్ ఎక్కువ, రెండో దానికి తక్కువ పడడం ఖాయం.

అమరిక సరిగా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. అద్దం ముందు మామూలుగా కూర్చుని ముక్కు కిందా, గడ్డం కిందా చూసుకోవాలి. అక్కడ అంచు స్పష్టంగా తెలిసే నీడ ఉంటే దీపం ఎత్తు తప్పినట్టే. ఒక తెల్ల కాగితాన్ని ఒడిలో, కాస్త ముందుకు వంచి పెట్టుకుంటే పడే వెలుతురు పైకి తిరిగి గడ్డం కింది చీకటిని కొంత తగ్గిస్తుంది. ఫొటోగ్రాఫర్లు తెల్ల థర్మోకోల్ పలకతో చేసే పనీ ఇదే.

రంగు, అందులోని ఎరుపు

దీపం రంగును కెల్విన్లలో చెబుతారు. కొవ్వొత్తి సుమారు 1900, పాత ఫిలమెంటు బల్బు 2700, హాలోజన్ 3000 దరిదాపు, మధ్యాహ్నపు ఎండ 5500 చుట్టుపక్కల, మబ్బు పట్టిన ఆకాశం 6500 ఆపైన. అంకె పెరిగేకొద్దీ వెలుతురు పసుపు నుంచి తెలుపుకూ, తెలుపు నుంచి నీలానికీ జరుగుతుంది. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది ‘కూల్ డేలైట్’ పేరిట అమ్మే 6500 కెల్విన్ల బల్బు. ‘వార్మ్ వైట్’ 2700 నుంచి 3000, ‘న్యూట్రల్ వైట్’ 4000. మేకప్‌కు 4000 నుంచి 5500 వరకు ఉన్నది అనువు. 2700లో ముఖం బంగారు ఛాయలో మెరుస్తుంది, లోపాలు కనిపించవు. అందుకే హోటళ్లకూ పడకగదులకూ అది నచ్చుతుంది. అదే వెలుతురులో ఫౌండేషన్ ఎంచుకున్నవారు పగలు బయటికొస్తే మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. 6500 దగ్గర ఎదురు చిక్కు: చామనఛాయ ముఖం పాలిపోయి, బూడిద పూసినట్టు కనిపిస్తుంది, దాన్ని సరిదిద్దబోయి బ్లష్ ఎక్కువ వేస్తారు.

కన్ను ఈ తేడాలను పట్టివ్వదు. ఏ దీపం కిందికి వెళ్లినా కొద్ది నిమిషాల్లో దానికి అలవాటుపడి, ఆ వెలుతురే తెలుపనుకుంటుంది. పసుపు బల్బు కింద కూర్చున్నవారికి గది పసుపుగా ఉందని తెలియదు. కిటికీ వైపు చూసినప్పుడే తెలుస్తుంది.

కెల్విన్ల కన్నా తక్కువమంది పట్టించుకునే అంకె ఒకటుంది: రంగులను ఆ దీపం ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్‌ఐ. అంతర్జాతీయ దీపన సంఘం 1965లో ఈ కొలతను ఆమోదించింది. ఫిలమెంటు బల్బుకు ఇది దాదాపు 100. ఇళ్లలో వాడే మామూలు ఎల్‌ఈడీకి 80 చుట్టూ ఉంటుంది. పాత సోడియం వీధిదీపాల్లో ఒక రకానికి సున్నా కన్నా తక్కువ వస్తుంది, దాని కింద ఎర్ర చీరా నల్ల చీరా ఒకటే. మేకప్ అద్దానికి 90 దాటిన బల్బు కావాలి, 95 ఉంటే మరీ మంచిది.

అయితే ఈ సగటు అంకె ఒక లోటును కప్పిపెడుతుంది. సీఆర్‌ఐని లెక్కకట్టేది ఎనిమిది లేతరంగుల మీద. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి విడిగా ఆర్9 అనే అంకె ఉంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉండేది నీలి దీపం. దాని మీద పూసిన పచ్చని ఫాస్ఫర్ పొర కొంత నీలాన్ని పసుపుగా మార్చితే, రెండూ కలిసి కంటికి తెలుపవుతాయి. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ కలయికలో తక్కువ పడేది ఎరుపు. అందుకని సీఆర్‌ఐ 80 ఉన్న చవక బల్బుకు ఆర్9 సున్నా దగ్గర తచ్చాడుతూ ఉండొచ్చు. మనిషి చర్మం కింద పారే రక్తం, పెదవి, కుంకుమ, లిప్‌స్టిక్, పారాణి అన్నీ ఎరుపు మీద ఆధారపడినవే. ఎరుపు లేని వెలుతురులో ముఖంలో కళ పోతుంది, ఎర్ర లిప్‌స్టిక్ ఇటుకరాయి రంగుకు తిరుగుతుంది. బల్బు పెట్టె మీద ఆర్9 అచ్చువేసే కంపెనీలు తక్కువే. వేశారంటే ఆ బల్బు మీద వారికి నమ్మకముందనుకోవచ్చు, 50 దాటితే తీసుకోవచ్చు.

ఈ కొలతలో ఇంకో పక్షపాతం ఉంది. పరీక్షకు పెట్టిన అదనపు రంగుల్లో చర్మం రంగుగా మొదట చేర్చింది యూరపు వారి లేతగులాబీ ఛాయను. ఆసియా చర్మపు ఛాయను తరవాత జపాన్ చేర్చింది. 2015లో అమెరికా దీపన ఇంజనీర్ల సంఘం టీఎం-30 పేరుతో 99 రంగుల నమూనాలతో కొత్త పద్ధతి తెచ్చింది కానీ ఇంటి బల్బుల పెట్టెల మీదికి అది ఇంకా పెద్దగా రాలేదు. ముదురు ఛాయ వెలుతురును ఎక్కువ పీల్చుకుంటుంది, తక్కువ తిప్పికొడుతుంది. కాబట్టి పత్రికల్లో చెప్పే వెలుతురు కొలతలకు మన ముఖాల కోసం కాస్త ఎక్కువ కలుపుకోవాలి.

ఒక దీపం కింద ఒకేలా ఉన్న రెండు రంగులు ఇంకో దీపం కింద విడిపోవడం అద్దకం పనివారికీ, చీరకు జాకెట్టు గుడ్డ జత చూసేవారికీ తెలిసిన సంగతే. గుడ్డను దుకాణం గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూసే ఆడవారు ఫౌండేషన్‌ను మాత్రం షాపులోని దీపాల కిందే చూసి కొనేస్తారు. దవడ అంచున ఒక గీత గీసుకుని బయటికొచ్చి, పది నిమిషాలాగి చూడడం దానికీ వర్తిస్తుంది.

కిటికీ

ఖర్చు లేని మంచి దీపం కిటికీ. సీఆర్‌ఐ లోటు లేదు, వెడల్పు ఎక్కువ, నీడలు మెత్తన. కిటికీకి ఎదురుగా ముఖం పెట్టి, అద్దాన్ని కిటికీ కడ్డీలకో గట్టు మీదో ఆనించాలి. వీపు కిటికీ వైపు ఉంటే ఉపయోగం లేదు. పక్కగా కూర్చుంటే ఒక చెంప చీకటవుతుంది, అటు వైపున తెల్ల గుడ్డ ఆరేసినా కొంత సర్దుకుంటుంది.

ఉత్తరపు కిటికీ వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుందని యూరపు చిత్రకారుల నాటి మాట. అక్కడి అక్షాంశాల్లో అది చాలా వరకు నిజం. తెలుగు నేలకు దాన్ని యథాతథంగా దించుకోకూడదు. మన రాష్ట్రాలు రెండూ కర్కట రేఖకు దిగువన ఉన్నాయి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారం నుంచే మొదలై ఆగస్టు మూడో వారం దాకా సాగుతుంది. కాబట్టి ఎండాకాలం పెళ్లిళ్ల రోజుల్లో ఉత్తరపు కిటికీలోకి కూడా పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ దూరుతుంది. తెల్ల పరదా ఉంటే ఏ దిక్కు కిటికీ అయినా పనికొస్తుంది. పరదా రంగుదైతే ఆ రంగంతా ముఖానికి అంటుకుంటుంది.

డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న తెలుగువారికి ఉత్తరపు కిటికీ మాట పనికొస్తుంది కానీ అక్కడ చిక్కు చలికాలం. లండన్‌లో డిసెంబరు పొద్దు నాలుగు గంటలకే కుంకుతుంది. ఆఫీసుకు చీకట్లో తయారై, చీకట్లో తిరిగొచ్చే నెలల్లో దీపమే గతి. అమెరికా అపార్టుమెంట్లలో చాలా పడకగదులకు పైదీపం ఉండదు, స్నానాలగది అద్దం పైన బల్బుల వరస ఒకటి ఉంటుంది. అదీ పైనుంచి పడేదే.

కాగడా నుంచి బల్బుల అద్దం దాకా

ముఖం రంగూ వెలుతురు రంగూ ఒకదానికొకటి లొంగి ఉండాలని ముందు గ్రహించింది నటులు. వీధి భాగవతాల్లో, కూచిపూడి ప్రదర్శనల్లో కాగడాలు నటుడికి దగ్గరగా, ముఖం ఎత్తున పట్టేవారు. పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచి ముఖం ఒక్కసారి వెలిగేది. ఎర్రపసుపు మంటలో నీలాలు అణిగిపోతాయి, పసుపూ ఎరుపూ నిలుస్తాయి. అర్దళమనే పసుపు ఖనిజం పూసిన పచ్చని ముఖాలు ఆ వెలుతురుకు తగినవే. అర్దళంలో ఆర్సెనిక్ ఉంటుంది కనుక ఇప్పుడు దాన్ని ముఖానికి తాకించకూడదు. తరవాత పెట్రోమాక్సు దీపాలొచ్చాయి, వెలుతురు తెల్లబడింది, కాగడాకు సరిపోయిన ముదురు పూత మొరటుగా కనిపించడం మొదలైంది.

ఐరోపాలో ఇదే మార్పు సున్నపు దీపం (లైమ్‌లైట్)తోనూ గ్యాసుతోనూ జరిగింది. లండన్‌లోని సవాయ్ థియేటర్ 1881లో భవనమంతటా విద్యుద్దీపాలు వెలిగించాక, గ్యాసు మసకలో చెల్లిన పొడులూ గీతలూ ప్రేక్షకులకు స్పష్టంగా కనిపించాయి. సినిమాలో గొడవ మరీ వింతది. మూగచిత్రాల తొలినాళ్ల ఫిల్ము ఎరుపును చూడలేదు, ఎర్ర పెదవి తెర మీద నల్లగా పడేది. 1920ల చివర అన్ని రంగులనూ చూసే ఫిల్ము, దానితోపాటు టంగ్‌స్టన్ దీపాలు వచ్చాయి. పాత మేకప్ పనికిరాకుండా పోయింది. మేకప్ నిపుణుడు మ్యాక్స్ ఫ్యాక్టర్ 1928లో ఆ వెలుతురుకు సరిపోయే పూతలు తయారుచేశాడు. ఆయన సంస్థ హాలీవుడ్‌లో 1935లో తెరిచిన భవనంలో జుట్టు రంగును బట్టి స్త్రీలకు వేర్వేరు గదులు, ఒక్కో గదికి ఒక్కో గోడరంగు. వ్యాపారపు హంగు కొంత ఉన్నా, గోడ రంగు ముఖం మీద పడుతుందన్న తెలివి అందులో ఉంది.

అంచుల చుట్టూ బల్బులున్న మేకప్‌గది అద్దం ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తోంది. ఆ అమరికలో మంచి సూత్రమే ఉంది, అన్ని వైపుల నుంచి చిన్న చిన్న దీపాలు ఒకదాని నీడను ఒకటి మింగుతాయి. కొనేముందు చూడవలసింది బల్బుల సంఖ్య కాదు, వాటి సీఆర్‌ఐ. అది రాసి లేని అద్దం ఎంత మెరిసినా సందేహించాల్సిందే. వెనకటి ఫిలమెంటు బల్బులు పది పెట్టిన అద్దం ముందు నటులు చెమటలు కక్కేవారు, ఆ బల్బులు తినే కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగా పోయేది. ఎల్‌ఈడీ ఆ బాధ తప్పించింది. విజయవాడ మే నెలలో ఇది చిన్న మేలు కాదు.

ఎంత వెలుతురు

ముఖం మీద 500 నుంచి 1000 లక్స్ చాలు. మామూలు గదిలో 100–300 మించదు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, అర మీటరు దూరంలో చెరో పక్కన ఉంటే 500 దరిదాపు వస్తుంది. చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గది మధ్యలో పెద్ద బల్బు కన్నా అద్దం పక్కన చిన్న బల్బు నయం. అరవై దాటినవారి కంట్లోకి, ఇరవై ఏళ్లవారితో పోలిస్తే సుమారు మూడో వంతు వెలుతురే చేరుతుంది, కంటి కటకం కూడా పచ్చబడుతుంది. అమ్మకు సరిపోయే దీపం కూతురికి మిరుమిట్లు గొలపడం, కూతురి అద్దం ముందు అమ్మ పౌడరు ఎక్కువ వేసుకోవడం ఇందువల్లే. శుక్లాల ఆపరేషన్ అయ్యాక రంగులు నీలంగా, కొత్తగా కనిపించడం కూడా మామూలే, కొన్నాళ్లు పాత అలవాటుతో వేసుకోక మళ్లీ చూసుకోవాలి.

అద్దం, గోడ, ఫోను

మామూలు గాజులోని ఇనుము అద్దానికి లేత ఆకుపచ్చ జీర ఇస్తుంది. అద్దం అంచున చూస్తే తెలుస్తుంది. మందపాటి అద్దంలో అది ముఖం దాకా వస్తుంది. గోడలు తెలుపో, లేత గోధుమరంగో అయితే పేచీ లేదు. ఊళ్లలో ఇష్టంగా వేసే లేతాకుపచ్చ, నీలం గోడల మధ్య పడిన వెలుతురంతా ఆ రంగు తాగి ముఖం మీద పడుతుంది. గోడకు రంగు మార్చలేనివారు అద్దానికి ఎదురు గోడ మీద తెల్ల దుప్పటి వేసుకుంటే చాలు.

సెల్ఫోను ముందు కెమెరాను అద్దంగా వాడేవారు పెరిగారు. ఫోను తనంతట తాను రంగు సర్దుతుంది, చర్మం నునుపు చేస్తుంది. పని చూసుకోవడానికి అది నమ్మదగింది కాదు. ఫోను తెర మీద నల్లపట్టీలు కదులుతూ కనిపిస్తే మాత్రం ఒక లాభం: ఆ దీపం సెకనుకు వంద సార్లు మినుకుతోందని అర్థం, మార్చుకోవచ్చు. రింగ్ లైటు 1950లలో పళ్ల ఫొటోల కోసం పుట్టిన సాధనం. కెమెరా చుట్టూ అన్ని వైపులా వెలుగుతుంది కనుక నీడ మిగలదు, నీడతోపాటు ముఖంలోని ఎత్తుపల్లాలూ మాయమవుతాయి. వీడియోలో కనిపించేవారికి అది సరైనది. గుడికీ ఆఫీసుకీ వెళ్లేవారు దాని ముందు కాంటూర్ వేస్తే అవసరానికి మించి పడుతుంది.

పెళ్లి మేకప్‌కు ఇదంతా ఒకేసారి పరీక్ష. తెలుగు ముహూర్తాలు చాలా వరకు అర్ధరాత్రో తెల్లవారుజామునో. పెళ్లికూతురిని కల్యాణమండపం గదిలో, గోడకున్న ఒక్క ట్యూబ్‌లైటు కింద తయారుచేస్తారు. ఆమె నడిచి వెళ్లేది వీడియో దీపాల మంటలోకి, పొద్దునే అప్పగింతలు పగటి వెలుతురులో. మూడు వెలుతుర్లకూ సరిపోయే పూత లేదు, వీడియో దీపానికి సరిపెట్టి పొద్దున తుడిచి పలచబరచుకోవడం ఆచరణలో ఉన్న దారి. టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్న సన్‌స్క్రీన్, పౌడర్లు ఫ్లాష్ వెలుగులో ముఖాన్ని తెల్ల ముసుగులా చూపిస్తాయి, ఫొటో తీసి చూసుకోవడం మంచిది. నలుగు పెట్టి పసుపు స్నానం అయ్యాక చర్మం రంగు మారుతుంది, అప్పుడు ఫౌండేషన్ ఛాయ ఎంచితే రెండు రోజులకు అది తేడా కొడుతుంది. ఛాయను పసుపుకు ముందే, కిటికీ దగ్గర తేల్చుకోవాలి. గదిలోకి తెచ్చుకోగల రెండు టేబుల్ లైట్లూ ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డూ మేకప్ పెట్టెతోపాటు వెళ్తే మండపంలో ఎవరినీ అడగక్కర్లేదు.

జాగ్రత్తలు

స్నానాలగది అద్దం దగ్గర దీపాలు పెట్టేటప్పుడు నీటి చుక్కలు తట్టుకునే ఐపీ44 రకం తీసుకోవాలి, ఇంటి బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. తడిచేత్తో స్విచ్చు వేసే ఎత్తులో ప్లగ్గు పెట్టకూడదు. ముఖాన్ని పెద్దది చేసి చూపే పుటాకార అద్దం కనుబొమ్మలకు, కాటుకకు బాగా ఉపకరిస్తుంది, చత్వారం వచ్చినవారికి మరీ. దాన్ని వాడాక కిటికీ గట్టు మీద వదిలేయకూడదు. ఏటవాలు ఎండ అందులో పడితే ఒక చోట కేంద్రీకృతమై పరదాను అంటించగలదు, ఇలా ఇళ్లు తగలబడ్డ సంఘటనలున్నాయి. పని కాగానే బోర్లించి పెట్టాలి, లేదా డ్రాయరులో వేసేయాలి.